అరణపు ఆవు, అవ్వ రాట్నం

పలమనేరు చలి తెలిసినవాళ్ళకే కంబళి విలువ తెలుస్తుంది. చిత్తూరు నుంచి బస్సులో మొగిలి ఘాటు ఎక్కేదాకా ఒక రకం గాలి, ఎక్కాక ఇంకో రకం గాలి. కింద చిత్తూరులో మా అత్తావాళ్ళు ఫ్యాను వేసుకుని పడుకునే రోజుల్లో, పైన మా ఊళ్ళో తెల్లారుజామున పొయ్యి దగ్గర చేరినవాళ్ళు లేవమన్నా లేచేవాళ్ళు కాదు. చెరువు, దాని కింద కొన్ని మడికయ్యలు, పైన శెనక్కాయల చేన్లు, ఆ పైన అడవి. అంతే మా ఊరు. ఇంటింటికీ గొడ్లు ఉండేవి. కొన్ని ఇళ్ళల్లో గొడ్లకున్న కొట్టం మనుషులుండే ఇంటికన్నా పెద్దది.

చేతితో నూలు వడకడం అనగానే ఎవరైనా గాంధీగారి దగ్గర, ఖద్దరు దగ్గర మొదలుపెడతారు. అది గొప్ప చరిత్రే, కాదనను. కానీ మా ఇంట్లో వడికిన దారంలో ఎక్కువ భాగం మనుషుల ఒంటిమీదికి రానేలేదు. ఎద్దు ముక్కులోకి పోయింది, దూడ మెడకు పోయింది, దేవుడి దీపంలోకి పోయింది. మా ఇంట్లో వడకడమంటే గొడ్ల పనిలో ఒక భాగం. పాలు పిండడం, కసువు కోయడం, పేడ ఎత్తడం, నూలు వడకడం. ఆ వరసలో చెబితేనే అది మా ఇంటి కథ అవుతుంది.

మా అవ్వ పుట్టిల్లు పుంగనూరు పక్క. పెళ్ళప్పుడు అరణంగా పుట్టింటోళ్ళు ఒక ఆవునూ, ఒక రాట్నాన్నీ ఇచ్చి పంపినారు. ఆవు పుంగనూరు పొట్టిది. నేను పుట్టేనాటికి ఆ మొదటి ఆవు లేదు, దాని మనమరాలు ఉండేది. దాని పేరు గౌరి. దాని తల్లి పేరూ గౌరే. ఆ వరసలో పుట్టిన ప్రతి పెయ్యనూ అవ్వ గౌరి అనే పిలిచేది. "అది పొయ్యి ఇది వచ్చింది, పేరు మాత్రం ఎందుకు మార్చల్ల?" అనేది.

పుంగనూరు ఆవు గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంటి దగ్గర ఈ ఆవులకు మేత పెట్టిన ఫోటోలు వచ్చాక దేశమంతా వీటిని వెతుక్కుంటోంది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, వెడల్పాటి నుదురు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక. మేత కొంచెమే తింటుంది, కరువుకు తట్టుకుంటుంది. పాలు కొద్దిగానే ఇస్తుంది, కానీ ఆ పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందంటారు. మామూలు ఆవు పాలలో అందులో సగం ఉంటే ఎక్కువ. మా చిన్నప్పుడు వీటిని అడిగేవాళ్ళు లేరు. పాలు బిందెలకొద్దీ ఇచ్చే సంకర జాతి ఆవులు వచ్చాక, పొట్టావును ఎవరు మేపుతారని ఊళ్ళో చాలామంది అమ్మేసుకున్నారు. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో మందను పెట్టి కాపాడకపోయుంటే ఈ జాతి ఏమై ఉండేదో. అవ్వ మాత్రం అమ్మలేదు. బేరం చేసే మనిషి వాకిట్లోకి వస్తే మర్యాదగా మజ్జిగ ఇచ్చి, "నాయనా, అరణం అమ్ముకుంటారా ఎవరైనా?" అని పంపించేసేది.

ఇక రాట్నం. అది పెట్టె రాట్నం కాదు, నేలమీద పెట్టుకుని వడికే పెద్ద చక్రం. గాంధీగారు యరవాడ జైల్లో ఉన్నప్పుడు, 1930 ప్రాంతంలో రూపం దిద్దుకున్న పెట్టె రాట్నం ఒకటి అవ్వ అన్న దగ్గర ఉండేదట. పుస్తకంలాగా మూసి చంకన పెట్టుకుని పోవచ్చు. అవ్వకు అది నచ్చలేదు. వడ్రంగి చేసిన తన చక్రమే ఆమెకు ఇష్టం. దానికి బండి చక్రానికి ఉన్నట్టు పట్టా ఉండదు. రెండు వరసల చెక్క ఆకులుంటాయి. ఒక వరస ఆకుల కొసల నుంచి రెండో వరస కొసలకు దారాన్ని అటూ ఇటూ అల్లుతారు. ఆ అల్లిక మీదుగా మాల అనే దారం వెళ్ళి, నూలు చుట్టుకునే పుల్ల అయిన కదురును తిప్పుతుంది. చక్రం ఒక్కసారి తిరిగితే కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. మాల వదులైతే కదురు నిలబడిపోతుంది, బిగువైతే చెయ్యి నొప్పి. మాలకు కాస్త మైనం పట్టించి, వేలితో మీటి చూసి, ఆ మోతను బట్టి సరిపోయిందో లేదో అవ్వ చెప్పేది.

పత్తి కొనేది కాదు. పెరట్లో బావి పక్కన మూడు నాలుగు పత్తి చెట్లు ఉండేవి. పొలాల్లో ఏటా వేసే పత్తి కాదు, ఏళ్ళ తరబడి నిలిచి, మనిషెత్తు పెరిగి, తెరిపి లేకుండా కాయలు పగిలే చెట్టు పత్తి. చాలా ఇళ్ళల్లో దీపపు ఒత్తుల కోసం ఒక చెట్టైనా ఉండేది. పగిలిన కాయల్ని మేమే కోసుకొచ్చేవాళ్ళం. ఆకుల తునకలు అంటుకోకుండా కోయాలి. ఒక తునక దూదిలో కలిసినా దారం అక్కడ తెగుతుందని అవ్వ మొదటే హెచ్చరించేది.

గింజ తీయడానికి నున్నటి బండ ఒకటి, ఇనుప కడ్డీ ఒకటి. పత్తిని బండమీద పెట్టి కడ్డీని అరచేత్తో ఒత్తి దొర్లిస్తే గింజ ముందుకు జారిపోతుంది, దూది వెనక మిగులుతుంది. ఆ గింజల్ని పారేసేవాళ్ళం కాదు. రాత్రి నానబెట్టి, పొద్దున రోట్లో రుబ్బి, తౌడులో కలిపి గౌరికీ ఎనుముకూ పెట్టేవాళ్ళం. పత్తిగింజలు తిన్న రోజుల్లో పెరుగు మీద మీగడ మందంగా కట్టేది. ఆ మీగడ చిలికిన వెన్న కాచిన నెయ్యితోనే కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం. ఒత్తి కూడా ఆ దూదిదే. పున్నమి రోజున 365 ఒత్తుల కట్ట వెలిగించడానికి అవ్వ వారం ముందు నుంచే తొడమీద ఒత్తులు చేస్తూ కూర్చునేది. చెట్టు, ఆవు, దీపం, ఈ మూడూ మా పెరడు దాటి బయటికి పోకుండానే ఒకదానికొకటి సరిపోయేవి. ఇప్పుడు తిరుపతిలో నెయ్యి ప్యాకెట్టు, ఒత్తుల ప్యాకెట్టు కొంటున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

గింజ తీసిన దూదిని చిన్న విల్లుతో ఏకేవాళ్ళు. నారిని మీటుతుంటే దూది పొరలు పొరలుగా విడిపోయి తేలుతుంది. ఆ పొరను పీటమీద పరిచి, సన్నపుల్లకు చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు తయారు. వేలంత లావు, జానెడు పొడవు.

అవ్వ వడికే వేళ తెల్లారుజాము. గాలిలో తేమ ఉన్నప్పుడు నూలు తెగదు. ఎండ ఎక్కితే దూది పొడిబారి పుటుక్కుమంటుంది. గౌరి పాలు పిండి, దూడను వదిలి, చేతులు కడుక్కుని వచ్చి పంచలో కూర్చునేది. కుడి చేత్తో చక్రం, ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకు. కదురు కొసకు ఏకును తగిలించి చక్రం తిప్పుతూ ఎడమ చెయ్యిని మెల్లగా వెనక్కి, పైకి లాగుతుంది. చెయ్యి చెవి దాటి పోయేదాకా దారం సాగుతూనే ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పితే పురి గట్టిపడుతుంది. తర్వాత చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి కదురు కొస మీదున్న చుట్లు విప్పి, చెయ్యి కిందికి దించుతూ మళ్ళీ ముందుకు తిప్పితే, వడికిన దారం కదురుకు చుట్టుకుంటుంది. ఇదంతా చెప్పడానికి ఇంతసేపు పట్టింది గానీ అవ్వ చేతిలో ఒక ఊపిరి తీసి వదిలేంత సేపే. తెగితే ముడి వేసేది కాదు. తెగిన కొసను ఏకు మీద పెట్టి, వేళ్ళు కాస్త తడిచేసి ఒక్కసారి నలిపేది. అతుకు ఎక్కడుందో మళ్ళీ వెతికినా దొరికేది కాదు.

పంచ నుంచి చూస్తే ఎదురుగా కొట్టం. అవ్వ వడుకుతూనే గౌరితో మాట్లాడేది. "ఏమే, నిన్న రేతిరి దగ్గినావు, జలుబు చేసిందా నీకు?" అని. అది చెవులు ఆడించేది. ఆవుకు అర్థమయ్యేదా అని ఎవరైనా అడగొచ్చు. రాట్నం మోత మొదలైతే గౌరి నెమరు వేయడం మొదలుపెట్టేదని మాత్రం నేను కళ్ళారా చూశాను. అవ్వకు జ్వరమొచ్చి రాట్నం మూలపడిన రోజుల్లో పాలు తగ్గిపోయేవి. అమ్మ పిండితే సగం చేపి ఊరుకునేది.

నూలు నంబరు అని ఒకటుంది. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది ఆ నంబరు. సన్నగా వడికితే నంబరు పెరుగుతుంది. అవ్వ అన్న నలభై నంబరు వడికేవాడని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అవ్వది పది పన్నెండు నంబరుకు మించదు. "సన్నపు దారంతో ఎద్దును ఎట్లా కడతావు?" అనేది. నాకు ఆ మాట చాలా ఇష్టం. దేనికి వాడాలో ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు వడకడమే అసలు నేర్పు అని ఇప్పటికీ నా నమ్మకం.

ఆమె నూలుకు ఎవరి వాటా వాళ్ళకుండేది. ఉన్నవాటిలో సన్నటిది గుడి పూజారయ్యకు. శ్రావణ పున్నమికి ముందు ఆయన వచ్చి తీసుకునేవారు. జంధ్యం కోసం నాలుగు వేళ్ళకు 96 చుట్లు చుట్టి కొలిచి, మూడు పేటలు చేసి, ఒక్కో పేటలో మూడు పోగులు వచ్చేట్టు పురి పెట్టడం నేను ఆయన అరుగు మీదే చూశాను. మధ్యరకం నూలు మగ్గం మీదికి పోయి తుండుగుడ్డలై వచ్చేది. నిలువు పోగు పడుగు మిల్లు నూలు, అడ్డపోగు పేక అవ్వ నూలు. కొత్తలో గరుకుగా ఉండి, ఉతికేకొద్దీ మెత్తబడేవి. ఇక మిగిలిన లావు నూలంతా మూకుతాడుకే.

కోడెదూడకు ముక్కు కుట్టించే రోజున ఇల్లంతా టెన్షన్. నాయనా, చిన్నాయనా దాన్ని పడేసి పట్టుకునేవాళ్ళు. అవ్వ మూకుతాడు ముందురోజే సిద్ధం చేసేది. లావు పోగులు కొన్ని కలిపి, ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని పురి పెట్టేది. ఎదురెదురుగా నిలబడి ఎవరి కుడివైపుకు వాళ్ళం తిప్పాలి. మధ్యలో మడిచి వదిలితే రెండు పేటలూ ఒకదానికొకటి చుట్టుకుని తాడైపోయేవి. దానికి పసుపు, ఆముదం పట్టించి మెత్తగా అయ్యేదాకా చేతుల్లో నలుపుతూనే ఉండేది. ఆ తాడును తన చెంపకు రాసుకుని చూసి, గరుకు తగిలితే పక్కన పెట్టేసేది. కిత్తనార తాడు ముక్కుకు వాడనిచ్చేది కాదు. "మెడకు ఏదైనా వెయ్యండి. ముక్కు లోపల మాంసం లేతగా ఉంటాది. నొప్పి చెప్పుకోలేని దానికి మనమే చూసుకోవల్ల."

మెడ తాళ్ళు, పగ్గాలు తాత పని. తాత పెద్దగా మాట్లాడడు. చెరువుకట్ట కింద కంచెగా పెరిగిన కిత్తనార ఆకుల్ని కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో బరువు పెట్టి మురగబెట్టేవాడు. ఆ వాసనకు మేము అటువైపు పోయేవాళ్ళం కాదు. ఆకు కుళ్ళాక బండమీద బాదితే తెల్లటి నార మిగులుతుంది. పొలం గట్లమీద వేసిన జనుమును కూడా అట్లాగే నానబెట్టి నార తీసేవాడు. కిత్తనార పొడవాటి పగ్గాలకు, మోకులకు. జనుము మెత్తన కాబట్టి మెడకు కట్టే పలుపులకు. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు కపిల తోలిన రోజుల్లో ఒక్కో మోకుకు ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళట. తోలుబాన నిండా నీళ్ళను ఎద్దులు బావిలోంచి లాగుతుంటే మోకు తెగితే బాన, నీళ్ళు అన్నీ బావిలోకే. కరెంటు మోటారు వచ్చాక ఆ మోకుల పని పోయింది, పలుపుల పని మిగిలింది.

శెనక్కాయ చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దుల మూతికి చిక్కాలు కావాలి. లేకపోతే సాళ్ళ మధ్య నడుస్తూ పైరు మేసేస్తాయి. ఆ చిక్కాల్ని తాత రాత్రిపూట లాంతరు వెలుతురులో అల్లేవాడు. కంటితో చూసి ఏ ఎద్దు మూతికి ఎంత కావాలో అల్లేవాడు. ఎర్ర ఎద్దుదీ బూడిద ఎద్దుదీ ఎప్పుడూ కలిసిపోయేవి కావు.

సంక్రాంతి మూడోరోజు పశువుల పండగకు గొడ్లన్నింటికీ కొత్త తాళ్ళు వెయ్యాలి. మాకు కొత్త బట్టలు లేని ఏళ్ళు ఉన్నాయి గానీ, వాటికి కొత్త పలుపులు లేని ఏడు లేదు. ఆరోజు తెల్లారకముందే నాయనావాళ్ళు అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, నల్లేరు, ఇంకా ఏవేవో తెచ్చి, రాళ్ళుప్పు వేసి రోట్లో దంచేవాళ్ళు. దాన్నే ఉప్పుచెక్క అంటారు. ఒకరు మూతి పైకెత్తి పట్టుకుంటే ఇంకొకరు గుప్పెడు తీసి నాలుక వెనకదాకా చెయ్యి పెట్టి తినిపించాలి. ఏడాదికి సరిపడా కడుపు శుభ్రమవుతుందని నమ్మకం. పెద్ద ఎద్దులు తలలు విదిలించేవి. గౌరి మాత్రం అవ్వ చేతిలోదైతేనే నోరు తెరిచేది.

తర్వాత చెరువులో కడిగి, కొమ్ములు చివ్వి, రంగులు పూసి, గంటలు కట్టేవాళ్ళం. సాయంత్రం ఊరి బయట గొడ్ల దేవుడు కాటమరాజు రాయి దగ్గర పొంగళ్ళు. "పొలి... పొలి..." అని కేకలు వేస్తూ గొడ్లమీద పొంగలి చల్లి, చిట్లాకుప్పకు నిప్పు పెట్టి దాని పక్కగా మందలన్నింటినీ ఒక్కసారిగా తోలేవాళ్ళు. చంద్రగిరి పక్క రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి పరిగెత్తిస్తారు. వాటిని చూడటానికి జనం విరగబడతారు. మా ఊళ్ళో అంత హోరు లేదు. ఆ మంటల వెలుతురులో అవ్వ చూసేది ఒక్కటే, ఎవరింటి గొడ్డు మెడలో పాత తాడు ఉందో. మర్నాడు తాతతో ఒక పలుపు చేయించి ఆ ఇంటికి పంపేది.

కంబళి మాటతో మొదలుపెట్టాను కదా. శెనక్కాయలు పెరికి చేను ఖాళీ అయ్యాక కురుబ తాత మందను తోలుకొచ్చేవాడు. మాకు బంధువు కాదు, అయినా మేము తాత అనే పిలిచేవాళ్ళం, అమ్మ మామా అనేది. చేలో తడికెలు పాతి రాత్రికి గొర్రెల్ని అందులో ఆపేవాడు. మర్నాడు తడికెలు జరిపి పక్క జాగాలో. అట్లా చేనంతా ఎరువు పడేది. బదులుగా నాయన రాగులూ శెనక్కాయలూ కొలిచి ఇచ్చేవాడు. ఆయన గొర్రెలు నల్ల ఉన్నివి. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. చలి ప్రాంతంలో మేపుకునేవాళ్ళకు ఉన్ని గొర్రెలే సరి.

మా అవ్వ కూర్చుని వడికితే ఆయన నడుస్తూ వడికేవాడు. పుల్లకు కింద బరువు బిగించిన చేతి కదురు. ఉన్ని పోగును ముంజేతికి చుట్టుకుని, పుల్లను తొడమీద ఒక్కసారి దొర్లించి గాలిలోకి వదిలితే అది తిరుగుతూ కిందికి దిగేది. నేలకు తగిలేలోపు పట్టుకుని చుట్టేసేవాడు. కళ్ళు మాత్రం గొర్రెల మీదే. కుక్క మొరిగితే కదురు చంకన పెట్టుకుని పరుగు. ఆయన వేళ్ళు చలికాలంలో కూడా పగలకుండా మెత్తగా ఉండేవి. ఉన్నిలో ఉండే జిడ్డు వల్ల.

మా ఇంట్లో అందరికీ కంబళ్ళు ఆయన ఇంటి మగ్గం మీదివే. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి కాచిన గంజిని ఉన్ని దారానికి పట్టిస్తారు. ఆ గంజికి కొత్త కంబళి తలుపుచెక్కలా నిలబడేది. కప్పుకుంటే గుచ్చుకుని ఏడుపొచ్చేది. ఒకటి రెండు వానలు తడిస్తేగానీ ఒంటికి అలవాటు పడదు. ఆ తర్వాత దానికి తిరుగులేదు. ఒక మూలను ముడి వేసి తలకు తగిలించుకుంటే జడివానలో కూడా చినుకు లోపలికి రాదు.

నాయన కంబళి కప్పుకుని రాత్రంతా చేనుకాపలా ఉండేవాడు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మా కొండల్లోకి దిగాయి. 1990లో మా అడవి కౌండిన్య అభయారణ్యం అయింది. అంతకుముందు మా తాతల కాలంలో ఏనుగును గుడి దగ్గర తప్ప చూసినవాళ్ళు లేరు. మంచెమీద టపాకాయలు, డబ్బా, కంబళి పెట్టుకుని నాయన కూర్చునేవాడు. పొద్దున ఆయన ఇంటికొచ్చి కంబళి విదిలించిన చప్పుడు వినిపించేదాకా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. పంట తొక్కేసిన రోజుల్లో కూడా ఏనుగుల్ని ఆయన ఒక్క మాట అనలేదు. వాటి దారి ఎక్కడో తెగిపోయి ఇటు వచ్చాయని చెప్పేవాడు.

అమ్మ వచ్చాక ఇంట్లోకి ఇంకో దారం వచ్చింది. పట్టు. మా పక్క మల్బరీ తోటలు పెరుగుతున్న రోజులవి. అమ్మ ఒక గదిని పురుగులకు ఇచ్చేసింది. మేము వసారాలోకి మారాం. ఆ నెలలో ఇంట్లో ఎవరూ గట్టిగా తాలింపు వేయకూడదు, చుట్ట కాల్చకూడదు. తాత చెరువుకట్ట దాకా పోయి కాల్చుకుని, నోరు కడుక్కుని వచ్చేవాడు. పురుగులు నాలుగుసార్లు పొర విడుస్తాయి. దాన్ని జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్నప్పుడు తినవు, కదలవు. లేచాక అర్ధరాత్రి కూడా ఆకు వెయ్యాలి. నాలుగో జ్వరం దాటాక అమ్మకు నిద్ర ఉండేది కాదు. మిగిలిన ఆకు పుల్లలు గౌరికి, మేకలకు. చివరికి పురుగుల్ని చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కిస్తే గూళ్ళు కట్టేవి.

ఇక్కడే అవ్వకూ అమ్మకూ పొసగని సంగతి ఒకటుంది. గూడులోని పురుగు చిమ్మటై బయటికి రాకముందే దాన్ని వేడితో చంపితే తప్ప పట్టు తెగకుండా రాదు. ఒక్క గూటిలోనే కిలోమీటరుకు దగ్గరగా ఒకే పోగు ఉంటుంది. చిమ్మట బయటికొస్తే ఆ పోగు తెగిపోతుంది. "గౌరి దగ్గర పాలు తీసుకుంటాం, గొర్రె దగ్గర ఉన్ని తీసుకుంటాం, అవి బతికే ఉంటాయి. దీని దగ్గర మాత్రం..." అని అవ్వ మాట సగంలో ఆపేసేది. అమ్మ ఎదురు చెప్పేది కాదు. గూళ్ళ మూటలు మార్కెట్టుకు పోయిన రోజున ఆ డబ్బుతో నా హాస్టలు ఫీజు కట్టారు. అవ్వకు అదీ తెలుసు. ఇద్దరిలో ఎవరు రైటు అని నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఇద్దరూ ప్రాణం విలువ తెలిసి మాట్లాడినవాళ్ళే.

చిమ్మట తొలుచుకుని బయటపడ్డ గూళ్ళు, చంద్రికలకు అంటుకున్న నూగు మార్కెట్టులో పోవు. వాటిని అవ్వ అడిగి తీసుకుంది. చాకలి సోడా వేసిన నీళ్ళలో ఉడికిస్తే జిగురు వదిలి మెత్తటి దూదిలా అవుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, పత్తిని వడికినట్టే రాట్నం మీద వడికింది. మెరుపు తక్కువ, అక్కడక్కడా గంట్లు, లేత పసుపు రంగు. అమ్మ వచ్చి పక్కన కూర్చుని చూసింది. అమ్మ బడిలో తకిలి అనే చేతి కదురు తిప్పిన మనిషి, చేతికి అలవాటుంది. "అత్తా, నేనూ వడుకుతా, జరుగు" అంది. అవ్వ లేచి చోటిచ్చింది. అంతకుముందు అవ్వ తన రాట్నాన్ని ఇంకొకరికి వదలడం నేనెప్పుడూ చూడలేదు. ఆ దారంతో నేయించిన చిన్న శాలువా మా తమ్ముడు పుట్టినప్పుడు వాడికి కప్పారు. నా పిల్లలకూ కప్పాం.

గౌరి ఈనిన ఒక రాత్రి నాకు బాగా గుర్తు. వాన. కరెంటు లేదు. దూడ కాళ్ళు ముందు కనిపించి ఆగిపోయింది. అవ్వ కొంగు బిగించి, చేతులకు ఆముదం రాసుకుని, గౌరి నొప్పి తీసినప్పుడల్లా దానితోపాటు లాగింది. అది ఆపితే ఆమే ఆపింది. "తొందరపడబాకండి, దాని లెక్క దానికి తెలుసు" అని నాయనను కసురుకుంది. దూడ పడగానే మూతిమీద పొర తీసి, ముక్కులో ఊది, తన పాత తుండుగుడ్డతో ఒళ్ళంతా రుద్దింది. ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ అది. పెయ్యదూడ. మేకపిల్లకన్నా కాస్త పెద్దది, అంతే. తెల్లారేసరికి లేచి నిలబడి పాలు తాగింది. రెండో రోజు జున్ను వీధంతా పంచడం నా పని. ఏ ఇంటికి ముందు, ఏ ఇంటికి తర్వాత అని అవ్వ వరస చెప్పి పంపింది. మొదటి గిన్నె చేలో ఉన్న కురుబ తాతకు.

తాత పోయాక పలుపులు చేసేవాళ్ళు లేక నాయన సంతలో నైలాన్ తాళ్ళు కొన్నాడు. అవి తెగవు, కుళ్ళవు, చవక. కానీ బెదిరిన గొడ్డు గుంజుకుంటే మెడ కోసేస్తాయి. నార తాడైతే మరీ గుంజితే తెగుతుంది. తాడు తెగితే గొడ్డు బతుకుతుంది. అవ్వ నైలాన్ తాడుకు పాత చీర గుడ్డ చుట్టి కుట్టేది. చూపు తగ్గిన తర్వాత కూడా ఆ పని మానలేదు. ఆమె పోయింది కూడా కార్తీకంలోనే, పెద్దగా బాధపడకుండా.

రాట్నం ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ఉంది. ఆకుల మీద అల్లిక కొత్తగా వేశాం. మిద్దెమీద కుండీల్లో రెండు పత్తి చెట్లు పెట్టాం. మా పాపకు దారం రావడం మొదలైంది, ఇంకా లావూ సన్నమూ కలిసి వస్తోంది. అవ్వ ఉంటే ఆ లావు పోగుల్ని ఏరి మూకుతాడుకు పక్కన పెట్టేది. కంబళి నాయనది, పల్లెలోనే ఉంది. ఇప్పటికీ చలికాలంలో దాన్నే కప్పుకుంటాడు.

ఊళ్ళో తమ్ముడి దగ్గర ఇప్పుడు ఇద్దరు గౌరులున్నారు, తల్లీ కూతురూ. ఈ సంక్రాంతికి వాటికి నైలాన్ వద్దని వాడితో గట్టిగా చెప్పాను. జనుము పలుపు పురి పెట్టడం తెలిసిన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉన్నాడట. అడిగితే, "చేతులు వణుకుతా ఉండాయి, నేను కూచొని చెప్తా, పిల్లోళ్ళను తిప్పమను. నార మాత్రం మీరే తీసి పెట్టుకోవల్ల" అన్నాడట. తమ్ముడు గట్టుమీది జనుము కోసి చెరువులో నానేశాడు. బాదడానికి మా పాప, వాడి కొడుకూ వంతులు వేసుకుంటున్నారు.